కృష్ణారెడ్డి ప్లేటు మీద రంగులు ఎందుకు కలిసిపోవు?

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, ప్యారిస్‌లో ఓ పాతికేళ్ళు, న్యూయార్క్‌లో ఓ నలభై ఏళ్ళు గడిపి, 2018లో అక్కడే కన్నుమూసిన ప్రింట్ల చిత్రకారుడు కృష్ణారెడ్డి పేరు మన దగ్గర చాలామంది విని ఉండరు. విన్నవాళ్ళకి కూడా తెలిసేది ఎక్కువగా ఒక్క ముక్కే: ఒకే ప్లేటు (బొమ్మ చెక్కిన లోహపు రేకు) మీద అన్ని రంగులూ వేసి, ఒకే ఒక్కసారి ప్రెస్సులో తిప్పి అచ్చు తీసే పద్ధతిని తయారుచేసినవాళ్ళలో ఆయన ఒకరు. సరే, ఎలా? తడి ఇంకు మీద ఇంకో తడి ఇంకు పడితే రెండూ కలిసి బురదైపోవాలి కదా? ఇక్కడికొచ్చేసరికి చాలామంది "నూనె, నీళ్ళు కలవవు కదండీ, అలాంటిదే" అని దాటేస్తారు. అది తప్పు. ఈ పద్ధతిలో నీళ్ళకున్న పని కాగితం తడపడం ఒక్కటే. ఇంకులన్నీ నూనె ఇంకులే. అయినా కలవవు. ఆ గుట్టు తెలియకుండా ఆయన బొమ్మలు చూస్తే "రంగులు భలే ఉన్నాయి" అనే మాట దగ్గర ఆగిపోతాం, అందుకని ఈ వ్యాసం కాస్త వర్క్‌షాపు వైపే ఎక్కువ మొగ్గుతుంది, ఓపిక పట్టండి.

ముందు పాత పద్ధతి. రాగి రేకో జింకు రేకో తీసుకుని దాని మీద సూదితోనో, బ్యూరిన్ అనే సన్నటి ఉలితోనో గీస్తారు, లేదంటే యాసిడ్‌తో తినిపిస్తారు. ఆ గీతల్లోకి ఇంకు కూరి, పైపైన అంటుకున్న ఇంకుని గంజి పెట్టిన పల్చటి గుడ్డతో తుడిచేసి, తడి కాగితం పరిచి, మీద ఉన్ని ఫెల్టులు కప్పి, ప్రెస్సులో గట్టి ఒత్తిడి మీద లాగుతారు. మెత్తబడిన కాగితం గీతల్లోకి దిగి ఇంకుని పట్టుకుని పైకి వస్తుంది. దీన్నే ఇంటాగ్లియో అంటారు. నలుపు ఒక్కటే అయితే ఇంతకంటే హాయి లేదు. రంగులు కావాలన్నప్పుడే తలనొప్పి మొదలు: రంగుకో ప్లేటు చెక్కాలి, అదే కాగితాన్ని ప్లేటు తర్వాత ప్లేటు మీద సరిగ్గా అదే చోట పడేలా వేయాలి, తడి కాగితమేమో ఆరే కొద్దీ ముడుచుకుంటూ ఉంటుంది, వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ అంచుల్లో రెండో నీడ కనిపిస్తుంది. ఇంకో దారి, ఒకే ప్లేటు మీద చిన్న చిన్న గుడ్డ ఉండలతో ఇక్కడ ఎరుపు, అక్కడ పచ్చ అని అద్దడం. అది ఓపిక పనే, కానీ అక్కడ రంగు గీసిన బొమ్మకి వేసిన చొక్కాలాగా ఉంటుంది, బొమ్మలోంచి పుట్టినట్టు ఉండదు.

కృష్ణారెడ్డి ఈ గొడవలోకి దిగింది చిత్రకారుడిగా ఒక్కటే కాదు, శిల్పిగా కూడా. ఇది ముఖ్యం. జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన రిషీవ్యాలీ స్కూల్లో చదువు, తర్వాత శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర, ఆ తర్వాత మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్ళు కళా విభాగం చూసుకోవడం, లండన్‌లోని స్లేడ్ స్కూల్, అక్కణ్ణించి 1950ల మొదట్లో ప్యారిస్. అక్కడ శిల్పి జాడ్కిన్ దగ్గర శిల్పం, స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియే 17 అనే వర్క్‌షాపులో ప్రింట్లు. రాయి చెక్కే చెయ్యి రేకు పట్టుకుంటే ఏమవుతుంది? ఆయనకి ప్లేటు అంటే గీతలు గీసే పలక కాదు, లోతులున్న నేల. చేతి ఉలులతోనూ, తిరిగే మిషను పనిముట్లతోనూ దాన్ని తవ్వాడు. కొన్నిచోట్ల బాగా లోతు, కొన్నిచోట్ల మధ్యస్థం, కొన్నిచోట్ల మొదటి మట్టం అలాగే ఉంచేయడం, వీటి మధ్య మెట్లు మెట్లుగా కాకుండా వాలుగా జారే చోట్లు. ఇంకు మాట పక్కనపెట్టి ఆ ప్లేటుని విడిగా చూస్తే లోహంలో చెక్కిన చిన్నపాటి శిల్పంలాగే ఉంటుంది.

ఇక అసలు కథ. ఇలా మూడు మట్టాలున్న ప్లేటు ఒకటి ఉందనుకోండి. అన్నిటికంటే లోతైన గుంటల్లోకి మామూలు పద్ధతిలోనే ఇంకు కూరి, మిగతాది తుడిచేస్తారు. ఆ తర్వాత రెండు రోలర్లు వస్తాయి. ఒకటి గట్టిది, ఇంకోటి మెత్తనిది. గట్టి రోలరు ప్లేటు మీద దొర్లితే పై మట్టానికే తగులుతుంది, గుంటల్లోకి దిగదు. మెత్తని రోలరుని కాస్త నొక్కి దొర్లిస్తే అది లొంగి మధ్య మట్టం దాకా వెళ్ళి అక్కడ కూడా రంగు పెట్టి వస్తుంది. ఇంతవరకూ ఎవరికైనా అర్థమయ్యేదే, రోలరు గట్టిదనాన్ని బట్టి రంగు ఎంత లోతుకి దిగుతుందో తేలుతుంది. కానీ మెత్తని రోలరు మధ్య మట్టంలోకి దిగే ముందు పై మట్టాన్ని కూడా తాకుతుంది కదా, అక్కడేమో అప్పటికే వేరే రంగు తడిగా కూర్చుని ఉంది. మరి ఆ రెండూ ఎందుకు కలవవు?

పనసకాయ కోసేటప్పుడు చేతులకీ కత్తికీ నూనె రాసుకుంటాం, ఆ జిగురు అంటకుండా. ఇక్కడ జరిగేదీ అదే. ముందు వేసిన ఇంకులో అవిసె నూనె బాగా కలిపి పల్చగా, జారుడుగా చేస్తారు. తర్వాత వచ్చే ఇంకులో నూనె తక్కువ, అవసరమైతే మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపి ఇంకా బిగిస్తారు, జిగట జిగటగా ఉంటుంది. పల్చటి ఇంకు పొర మీదికి జిగట ఇంకు రోలరు వచ్చి వెళ్ళేటప్పుడు, రోలరుకీ ప్లేటుకీ మధ్య ఉన్న ఇంకు ఎక్కడో ఒకచోట చీలాలి, లేకపోతే రోలరు పైకి లేవదు. ఎక్కడ బలం తక్కువో అక్కడే చీలుతుంది. బలం తక్కువ పల్చటి ఇంకు పొరకే. కాబట్టి అది తనలో తాను చీలిపోయి సగం ప్లేటు మీద ఉంటుంది, కాస్త రోలరుకి అంటుకుపోతుంది, జిగట ఇంకు మాత్రం రోలరుని వదలదు. ఏమీ అంటని మధ్య మట్టంలో మటుకు కింద ఖాళీ లోహమే ఉంది కాబట్టి అక్కడ జిగట ఇంకు హాయిగా దిగుతుంది. అదీ సంగతి. రంగులు ఒకదాన్నొకటి 'తిరస్కరిస్తాయి' అని గొప్పగా రాస్తుంటారు గానీ, తిరస్కరించడం ఏమీ లేదు, బలహీనమైన పొర చీలిపోవడమే.

దీన్ని తిరగేస్తే ఏమవుతుందో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. పల్చటి పసుపు, జిగట నీలం తీసుకుందాం. ముందు గట్టి రోలరుతో పల్చటి పసుపు, తర్వాత మెత్తని రోలరుతో జిగట నీలం వేస్తే: పై మట్టం పసుపు, మధ్య మట్టం నీలం, వాటి మధ్య గీసినట్టు సరిహద్దు. ఇప్పుడు వరస మార్చండి. ముందు మెత్తని రోలరుతో జిగట నీలం వేస్తే అది పై మట్టాన్నీ మధ్య మట్టాన్నీ కూడా కప్పేస్తుంది. దాని మీద గట్టి రోలరుతో పల్చటి పసుపు వేస్తే ఈసారి పసుపు పట్టకుండా పోదు, నీలం మీద చక్కగా కూర్చుంటుంది. ఎందుకంటే ఇప్పుడు కింద ఉన్నది బలమైన పొర, చీలేది మళ్ళీ పసుపే, అందులో కొంత ప్లేటు మీద మిగులుతుంది. ఫలితం: పై మట్టం ఆకుపచ్చ, మధ్య మట్టం నీలం. అవే రెండు డబ్బాలు, అదే ప్లేటు, అవే రోలర్లు. వరస ఒక్కటి మారితే పసుపు–నీలం బొమ్మ కాస్తా పచ్చ–నీలం బొమ్మైపోయింది. దీనికి తోడు ఇంకో తిరకాసు, ప్లేటు మీద చివర వేసిన రంగే కాగితాన్ని ముందు ముట్టుకుంటుంది, అంటే ప్లేటు మీద పైనున్న పొర కాగితం మీద అడుగున పడుతుంది. కుడి ఎడమలు తారుమారవడం సంగతి సరే, అది ప్రింట్లు చేసేవాళ్ళందరికీ అలవాటే. పొరలు కూడా తారుమారవుతాయని గుర్తుపెట్టుకుని రంగు కలపడం మటుకు మొదట్లో ఎవరికైనా బుర్ర తిరిగే పని.

నూనె ఎంత కలపాలి? దీనికి పక్కా కొలత లేదు, ఉన్నా పెద్దగా పనికిరాదు. ఒక్కో రంగు పొడి ఒక్కోలా నూనె పీలుస్తుంది, కాబట్టి ఎరుపుకి సరిపోయిన మోతాదు నీలానికి సరిపోదు. కత్తి మీద ఇంకు తీసి పైకెత్తితే దారంలా జారిపోయేది పల్చన, ముద్దగా వేలాడి కిందపడనని మొండికేసేది జిగట, ఈ రెండింటి మధ్య ఎన్ని దశలుంటాయో చేతికే తెలుస్తుంది. గదిలో వేడి పెరిగితే ఇంకు తనంతట తనే పల్చబడుతుంది, మన మే నెల మధ్యాహ్నం కలిపిన జిగట ఇంకు జనవరిలో కలిపినంత జిగటగా ఉండదు. రోలరు సైజు ఇంకో టెన్షన్. రోలరు ఒక్క చుట్టులో ప్లేటు మొత్తం దాటాలి, లేకపోతే రెండో చుట్టు మొదలైన చోట అడ్డంగా చార కనిపిస్తుంది, పైగా మొదటి చుట్టులో ఎత్తుకొచ్చిన బొమ్మ దయ్యంలా మళ్ళీ ప్లేటు మీద పడుతుంది. 15 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న రోలరు ఒక చుట్టుకి దాదాపు 47 సెంటీమీటర్లు వస్తుంది, అంతకంటే పొడవు ప్లేటు కావాలంటే ఇంకా లావు రోలరు కావాల్సిందే. ఈ రకం ప్రింట్లు చేసే వర్క్‌షాపుల్లో గోడ పక్కన అంతంత రోలర్లు ఎందుకు పెట్టుకుంటారో ఇప్పుడు అర్థమైంది కదా. ఒక్కో కాగితానికీ ఈ తంతు మొత్తం మొదటి నుంచీ చేయాలి, రోలరుకి అంటిన పాత రంగు శుభ్రం చేసుకుంటూ. అందుకే ఒకే ఎడిషన్‌లో, అంటే ఒకే ప్లేటు నుంచి ఒకేలా తీసిన ప్రింట్లలో కూడా, రెండు ప్రింట్లు అచ్చు గుద్దినట్టు ఉండవు. అచ్చు గురించి చెబుతూ ఈ మాట వాడాల్సి రావడం విచిత్రమే!

ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసేవాళ్ళకి ఇదంతా వినగానే నవ్వొస్తుంది. నాలుగు రంగుల మిషను మీద పుస్తకాల అట్టలూ క్యాలెండర్లూ అచ్చేసేటప్పుడు రంగులు తడి మీద తడే పడతాయి, ఆరే టైము ఉండదు. అక్కడ వాళ్ళు చూసుకునేది సరిగ్గా దీనికి వ్యతిరేకం: ముందు పడే ఇంకు ఎక్కువ జిగట, తర్వాతది దానికంటే తక్కువ, ఆ తర్వాతది ఇంకా తక్కువ. అప్పుడే ఒకదాని మీద ఒకటి పట్టుకుంటాయి. వరస తప్పితే రెండో రంగు పట్టకపోగా మొదటి రంగుని కూడా పీక్కుపోతుంది, ఆ రోజు షీట్లు చెత్తబుట్టలోకే. ప్రెస్సువాళ్ళు ఏ తప్పు జరగకూడదని జాగ్రత్త పడతారో ఆ తప్పునే ప్యారిస్ వర్క్‌షాపువాళ్ళు పనిగట్టుకుని చేశారన్నమాట.

ఇందులో ఎవరి వాటా ఎంత అనే చర్చ కూడా ఉంది. పుస్తకాల్లో హేటర్ పేరు ముందుంటుంది. వర్క్‌షాపు ఆయనదే, 1927లో మొదలుపెట్టింది ఆయనే, పైగా కెమిస్ట్రీ చదువుకుని ఇరాన్‌లోని అబదాన్‌లో ఆయిల్ కంపెనీలో ఉద్యోగం చేసి వచ్చినవాడు, ద్రవాల జిగట గురించి ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. రంగుల్ని ఒకే ప్లేటు మీదికి తేవాలన్న పట్టుదల కూడా ఆయనకి 1940ల నుంచే ఉంది. కానీ 1950లలో జిగట తేడాతో ఈ పద్ధతి రూపుదిద్దుకున్నప్పుడు అక్కడ పనిచేస్తున్న ఇద్దరు భారతీయుల పేర్లు, బొంబాయి నుంచి వెళ్ళిన కైకో మోతీ, మన కృష్ణారెడ్డి, హేటర్ పేరుతో కలిపే చెప్పాలి. కృష్ణారెడ్డి తర్వాత అక్కడే సహ డైరెక్టర్ అయ్యారు, 1970లలో న్యూయార్క్ వెళ్ళి న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్ విభాగం నడిపారు, 1988లో ఈ పద్ధతి మీద ఏకంగా పుస్తకమే రాశారు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. నన్నడిగితే ఎవరు ముందు కనిపెట్టారన్న తగువు కంటే ఎవరు దాన్ని ఎంత దూరం తీసుకెళ్ళారన్నదే తేల్చాల్సిన విషయం, అక్కడ నా ఓటు కృష్ణారెడ్డికే. హేటర్ ప్రింట్లలో నాకెప్పుడూ గీతే రాజు, దాని చుట్టూ రంగు తిరుగుతుంటుంది. కృష్ణారెడ్డి దగ్గర గీత అనేది వేరుగా ఉండదు.

1963 నాటి 'వర్ల్‌పూల్' చూడండి. సుడిగుండం. నీలాలు ఎక్కువ. దగ్గరికెళ్ళి చూస్తే నీటి బొమ్మ అనిపించదు, వల కళ్ళలాంటి గళ్ళు సాగుతూ, వంగుతూ, ఒక కేంద్రం వైపు లాగబడుతున్నట్టు ఉంటాయి. మామూలు పెయింటింగ్‌లో అయితే ఇలాంటి చోట ముదురు నీలం మీద లేత నీలం, దాని మీద ఇంకో రంగు, పొర ఆరాక పొర వేసుకుంటూ లోతు 'ఉన్నట్టు' చూపించాలి. ఇక్కడ లోతు నిజంగా ఉంది, ప్లేటులో ఉంది. ముదురుగా కనిపించే చోటు రేకులో నిజంగానే లోతైన చోటు కావచ్చు, వెలుతురుగా ఉన్న చోటు పై మట్టం దాకా ఉన్న చోటు కావచ్చు. మట్టాలు మెట్లుగా ఉన్నచోట రంగు టక్కున మారుతుంది. వాలుగా ఉన్నచోట మెత్తని రోలరు పట్టు క్రమంగా సడలుతుంది కాబట్టి రంగు కూడా క్రమంగా పల్చబడి పక్క రంగులో కలుస్తుంది. ఉలితో పొడిచిన చిన్న చిన్న చుక్కలున్న చోట ఏ రంగూ ఏ రంగుతోనూ కలవదు, పక్కపక్కన ఉంటాయి, కలపడమనేది మన కళ్ళు చేస్తాయి. ఇలా ఒకే బొమ్మలో కొన్నిచోట్ల రంగు మీద రంగు, కొన్నిచోట్ల రంగు పక్కన రంగు, కొన్నిచోట్ల రంగుల ఇసక. గరుకుదనం వేరు, రంగు వేరు అని విడదీసి చెప్పడానికి వీల్లేదు, గరుకే రంగుని నిర్ణయిస్తోంది.

ఇది నైరూప్య చిత్రమేనా అని అడిగేవాళ్ళుంటారు. పేర్లు చూస్తే కెరటం, సీతాకోకచిలుకలు, చేప, మొలకెత్తడం, అన్నీ కళ్ళకి కనిపించేవే. కానీ ఆయన గీసింది చేప ఆకారాన్ని కాదు, నీళ్ళు చీల్చుకుంటూ పోయే ఆ ఊపుని. పేరు మూసేసి చూపిస్తే సగం బొమ్మలు ఎవరూ పోల్చుకోలేరు. 1968లో ప్యారిస్ వీధుల్లో విద్యార్థుల తిరుగుబాటు జరిగాక చేసిన 'డెమాన్‌స్ట్రేటర్స్'లో మనుషులున్నారు, అయినా అక్కడ కూడా ముందు కంటికి తగిలేది మొహాలు కాదు, ఒక్కసారిగా లేచిన గుంపు.

1986 నాటి 'గ్రేట్ క్లౌన్' దగ్గరికి వచ్చేసరికి ఆయనకి ఈ పద్ధతి ఆటైపోయింది. సర్కస్ రింగుల మధ్య ఒక క్లౌను, చుట్టూ వలయాలు. అదే ప్లేటు నుంచి రంగులు మార్చి, వరస మార్చి, జిగట మార్చి ఎన్నో రకాలు తీశారు. ఒకదాంట్లో క్లౌను ముందుకొచ్చి నిలబడతాడు, ఇంకోదాంట్లో వలయాల్లో కరిగిపోతాడు. పైన చెప్పిన పసుపు, నీలం లెక్క ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే ఆ రకాల్లో రెండు మూడు పక్కపక్కన పెట్టుకుని చూస్తే చాలు, ప్లేటులో గీత కూడా మారకుండా బొమ్మ మూడ్ మొత్తం మారిపోతుంది.

ఫోన్‌లో చూసి మటుకు అంచనా వేయకండి. ఫోటో తీసేటప్పుడు లైటు సమానంగా వేస్తారు, దాంతో కాగితం మీది ఎత్తుపల్లాలు చదునైపోతాయి. గట్టి ఒత్తిడికి తడి కాగితం ప్లేటు లోతుల్లోకి దిగి వస్తుంది కాబట్టి ప్లేటులో గుంట ఉన్నచోట కాగితం మీద ఉబ్బు ఉంటుంది. పక్క నుంచి వెలుతురు పడేలా నిలబడి చూస్తే ఆ ఉబ్బుల నీడలు కూడా రంగుల్లో ఒక భాగం అయిపోతాయి. బొమ్మ చుట్టూ ప్లేటు అంచు నొక్కుకుపోయిన గుర్తు ఉంటుంది, అదొక్కటే ఉంటే, అంచుల్లో రెండో నీడ లేకపోతే, రంగులన్నీ ఒకే ప్లేటు నుంచి వచ్చాయని నమ్మొచ్చు.

ఈ పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది, ఆయన కూడా దాచుకోకుండా నేర్పాడు, మన దేశంలోనూ వర్క్‌షాపులు పెట్టాడు. పాకిన ప్రతి పద్ధతికీ పట్టే జబ్బు దీనికీ పట్టింది. ప్లేటుని మూడు మట్టాలుగా యాసిడ్‌లో తినిపించి, గట్టి రోలరు, మెత్తని రోలరు తిప్పేసి, రంగులు విడివిడిగా పడగానే మురిసిపోయి ఫ్రేము కట్టేసిన ప్రింట్లు కొల్లలు. అందంగానే ఉంటాయి. కానీ అదే ప్లేటులో నలుపు ఒక్కటే నింపి అచ్చు తీయమనండి, అక్కడేమీ ఉండదు, మూడు మరకలు తప్ప. కృష్ణారెడ్డి ప్లేటుని నలుపులో తీసినా సుడి సుడిగానే తిరుగుతుంది, ఎందుకంటే రోలరు పట్టుకునేలోపే ఆయన చెయ్యాల్సిన పని సగానికి పైగా రేకులో చేసేసి ఉన్నాడు.